పదమూడోది

కొట్టం తలుపు మీద సుద్దముక్కతో
రోజూ పొద్దుగూకే వేళ ఒక అంకె వేస్తాడు మోద్రిస్,
నిన్నటిదాన్ని చొక్కా చేతితో తుడిచేసి.
నక్కకి తప్ప ఇంకెవరికీ లెక్క చెప్పక్కర్లేదంటాడు.
అయినా వేస్తాడు.

మే నెలలో పద్దెనిమిది పిల్లలు.
చెరువులో పైకి కనపడని పైక్ చేప
మూడింటిని కిందికి లాక్కుంది. నీళ్ళ మీద ఒక గుండ్రం, అంతే.
నక్క రెండు.
ట్రాక్టరు వెనక్కి తీస్తూ నేను ఒకటి.
ఆ సంగతి నేనే చెప్పాను.
అతను అంకె మార్చాడు, ఏమీ అనలేదు.
అంటే బాగుండేదేమో.

పన్నెండు నిలిచాయి.
మంచులాంటి తెలుపు, కడుపు నేలకి రాసుకునే నడక.
వానొస్తే కోళ్ళు బండి కింద అలిగి కూచునేవి,
ఇవి మాత్రం క్యాబేజీ మడిలో పడి
నత్తల్ని ఏరుకుతినేవి, పెళ్ళివారి పంక్తిలా.
మేక కంచె మీదనుంచి మెడ చాచి
ఆ ఆకుల్లో తన వాటా సంగతి అడిగేది.

కోసుకునేవాటికి పేర్లు పెట్టొద్దన్నాం లాస్మాకి.
సరేనంది.
ఆ రోజునుంచి పందిని "పేరులేనిదానా" అని పిలుస్తోంది.
పిలిస్తే అది పరిగెత్తుకొస్తోంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం లెక్క పదమూడొచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాం. పదమూడే.
అంచున, కాస్త ఎడంగా, చిన్నది, ఎండుటాకు రంగుది.
అడవి బాతు.
మన బార్లీయే తింది, మన కొట్టంలోకి మాత్రం రాలేదు.
రాత్రంతా చెరువు నడుమ
తలను రెక్కలో దాచుకుని ఉండిపోయింది.

మోద్రిస్ పన్నెండనే రాశాడు.
లాస్మా పక్కనే, కాళ్ళ మునివేళ్ళ మీద నిలబడి, చిన్న ఒకటి వేసింది.
పొరుగు బ్రొనిస్లావ్ రంపం అడగడానికొచ్చి తలుపు చూసి
"నూట ఇరవై ఒకటా! రేజెక్నె సంతని కొనేస్తారా ఏం?" అన్నాడు.

అక్టోబరు చివర, ఒక ఉదయం
ఉత్తరం నుంచి గుంపు వెళ్ళింది, అరుచుకుంటూ.
ఎండుటాకు రంగుది నీళ్ళమీంచి
అడుగు వెనక్కి వేయకుండానే లేచిపోయింది.
మా పన్నెండూ తలలు పక్కకి వంచి
ఒంటి కంటితో ఆకాశాన్ని చూశాయి.

అందులో ఒకటి పరిగెత్తింది.
గట్టు దాటి, బంగాళాదుంపల చేనులోకి,
ఎందుకూ పనికిరాని రెక్కలు కొట్టుకుంటూ.
మూరెడు ఎత్తు లేచింది.
నాలుగు సాళ్ళ దూరం
దాని కాళ్ళకీ నేలకీ మధ్య గాలి ఉంది. నేను చూశాను.
తరవాత పొట్టమీద, ఎండిన తీగల్లో.

చాలాసేపటికి నడిచి వచ్చింది,
సంతకెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగొచ్చిన మనిషిలా,
ఎవరివంకా చూడకుండా.

మార్టిన్ పండుగ. నీళ్ళు కాగుతున్నాయి.
కత్తి నూరి, వాళ్ళమ్మ నాటి తోలు ముసుగు నడుముకి కట్టుకుని
ఒక్కొక్కటే అందుకున్నాడు మోద్రిస్.
దాన్నీ అందుకున్నాడు.
రొమ్ముని వేళ్ళతో తడిమి కాసేపు ఆగి
కింద పెట్టేశాడు.
"ఇది బక్కగా ఉంది" అన్నాడు.
అన్నిటికన్నా బరువైంది అదే.
"అవును, బక్కదే" అన్నాను,
వేడినీళ్ళ కుండ దగ్గరికి లాక్కుంటూ.

తొమ్మిదింటి కొవ్వు ఎనిమిది సీసాలకి సరిపోయింది.
ఈకలు లాస్మా దిండులోకి వెళ్ళాయి.
మొదటి రాత్రి పడుకోనంది,
రెండో రాత్రి నిద్రపోయింది.

ఇప్పుడు తలుపు మీద మూడు.
ఒరిగిన చిన్న ఒకటి ఇంకా ఉంది.
మూడుని తుడిచి మళ్ళీ మూడే రాస్తాడు రోజూ,
చొక్కా చేయి దాని చుట్టూ తిరిగి వెళ్తుంది.

పొద్దున్నే గొడ్డలితో చెరువు మూత పగలగొడతాను.
జానెడు మందం ఈ వారం.
వెనక మూడూ వరసగా నిలబడతాయి,
ఆలస్యమైందని గొణుగుతూ.